సబ్‌ఊఫర్ ఎక్కడ పెట్టాలి? ముందు గది, తర్వాత నాబ్

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి నా గొంతు వినబడుతోందా? సరే. మాటలు మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఇక్కడ ముందు గోడకి ఆనించి ఒక సబ్‌ఊఫర్ ఉంది, అంటే బేస్, లోతైన శబ్దాలు మాత్రమే వాయించే స్పీకర్ పెట్టె. దీంట్లోంచి 47 హెర్ట్జ్, అంటే సెకనుకి 47 సార్లు అదిరే శబ్దం ఒక్కటే వదులుతున్నాను. పాట లేదు, సినిమా లేదు, ఒకే ఒక్క స్వరం. ఇప్పుడు దయచేసి లేచి, ముందు గోడ దగ్గర్నుంచి వెనక గోడదాకా మెల్లగా నడవండి. తొందరేం లేదు, ఒక్కో అడుగుకీ ఆగి వినండి.

ఏం గమనించారు? గోడ దగ్గర గట్టిగా ఉంది. ఓ ఆరడుగులు వచ్చేసరికి సన్నబడిపోయింది, కొంతమందికి పూర్తిగా పోయింది. గది మధ్యకి రాగానే మళ్ళీ వచ్చింది. ఇంకో ఆరడుగులు నడిస్తే మళ్ళీ పోయింది. వెనక గోడ చేరేసరికి గుండెకి తగిలేంత గట్టిగా ఉంది. నేను వాల్యూమ్ ముట్టుకోలేదు. సబ్‌ఊఫర్ కదపలేదు. మరి ఏం మారింది? మీరు నిలబడ్డ చోటు మారింది. అంతే.

కూర్చోండి. ఇంట్లో బేస్ బాగా లేదని అనుకునేవాళ్ళలో చాలామంది ఈ కారణం వల్లే అలా అనుకుంటున్నారు. ఒకరికి బేస్ తక్కువైందని పెద్ద సబ్‌ఊఫర్ కొంటారు. ఒకరికి గుంయ్‌మని మోగుతోందని ఉన్నది అమ్మేస్తారు. పెట్టె మాత్రం శుభ్రంగానే పనిచేస్తోంది. దాన్ని పెట్టిన చోటు, మీరు కూర్చున్న చోటు, ఈ రెండూ గదితో కలిసి చేస్తున్న పని అది.

ఎందుకు ఇలా జరుగుతుంది? ధ్వని గాలిలో సెకనుకి సుమారు 1125 అడుగులు పోతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు అంగుళంన్నర కూడా ఉండదు. అదే 80 హెర్ట్జ్ దగ్గర 14 అడుగులు. 40 దగ్గర 28 అడుగులు. 20 దగ్గర 56 అడుగులు. అంటే మీ గది కన్నా తరంగమే పెద్దది! అంత పెద్ద తరంగం గోడకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, ఎదురుగా వస్తున్న దాంతో కలుస్తుంది. కొన్నిచోట్ల రెండూ కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ చోట్లు కదలవు, గదిలో స్థిరంగా నిలబడిపోతాయి. అందుకే వీటిని స్థిర తరంగాలు అంటాం, ఆడియో వాళ్ళ భాషలో రూమ్ మోడ్స్.

లెక్క చాలా తేలిక, రాసుకోండి. 562ని గది పొడవుతో భాగించండి, అడుగుల్లో. వచ్చేది ఆ పొడవుకి సంబంధించిన మొదటి మోడ్, హెర్ట్జ్‌లో. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకుందాం. పొడవుకి 31 హెర్ట్జ్. వెడల్పుకి 47. ఎత్తుకి 56. వీటికి రెట్టింపులు, మూడు రెట్లు కూడా ఉంటాయి, అంటే పొడవు వైపు 31, 62, 94 అలా పోతుంది. ఇప్పుడు మనం నడిచిన ఈ గది పొడవు 24 అడుగులు. దీని మొదటి మోడ్ 23.4, రెండోది దాదాపు 47. నేను 47 ఎందుకు ఎంచుకున్నానో అర్థమైందా?

రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, ఏ మోడ్ అయినా అది ఏ రెండు గోడల మధ్య ఏర్పడుతుందో ఆ గోడల దగ్గర గట్టిగానే ఉంటుంది. రెండు, మొదటి మోడ్ గది సరిగ్గా సగంలో మాయమవుతుంది, రెండో మోడ్ పావు దగ్గర, ముప్పావు దగ్గర మాయమవుతుంది. ఇక్కడ్నుంచి వచ్చేదంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది.

సబ్‌ఊఫర్ కన్నా ముందు సోఫా

అవును, ముందు సోఫా. సబ్‌ఊఫర్ గురించి చెప్తానని పిలిచి సోఫా గురించి చెప్తున్నాడేంటి అనుకోవద్దు. తప్పుచోట కూర్చుంటే ఎంత మంచి సబ్‌ఊఫర్ అయినా ఏమీ చేయలేదు.

మన ఇళ్ళల్లో సోఫా ఎక్కడుంటుంది? వెనక గోడకి ఆనుకుని. అక్కడ పొడవు వైపు మోడ్‌లన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, గరిష్ఠంలో ఉంటాయి. అందుకే ఆ సీట్లో బేస్ మోత ఎక్కువ, స్పష్టత తక్కువ. పోనీ అని గది సరిగ్గా మధ్యకి జరిపితే? 31 హెర్ట్జ్ పోతుంది. పేలుళ్ళలో, పిడుగుల్లో ఉండే ఆ అడుగు బరువు మొత్తం పోతుంది. మన 18 అడుగుల గదిలో 9వ అడుగు దగ్గర కూర్చోవడమంటే అదీ.

వెనక గోడ నుంచి గది పొడవులో సుమారు 38 శాతం దూరం మంచి మొదలు. 18 అడుగుల గదికి అది ఆరడుగుల పది అంగుళాలు. ఇది శాసనం కాదు, మొదలుపెట్టడానికి ఒక గుర్తు మాత్రమే. అంత చోటు లేదా? అడుగు, అడుగున్నర ముందుకి జరిపినా తేడా వినిపిస్తుంది. జరిపి, విని, మళ్ళీ జరపండి. సీటు ఖాయమయ్యాకే సబ్‌ఊఫర్ దగ్గరికి వెళ్ళాలి. ఎందుకంటే ఇకపై చేసే పనంతా ఆ సీటు కోసమే చేస్తాం. ఆర్నెల్ల తర్వాత సోఫా మార్చారనుకోండి, పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు పెట్టె. మూలలో పెడితే ఏమవుతుంది? రెండు గోడలు, ఒక నేల, మూడూ కలిసి శబ్దాన్ని గదిలోకి తోస్తాయి. అదే పవర్‌కి ఎక్కువ బేస్ వస్తుంది. ఆంప్లిఫయర్‌కి శ్రమ తగ్గుతుంది, డిస్టార్షన్, అంటే శబ్దం చెదరడం, తగ్గుతుంది. ఇది మంచిదేగా? మంచిదే. కానీ మూల అంటే అన్ని మోడ్‌లకీ గరిష్ఠ స్థానం. అన్నిటినీ ఒకేసారి లేపుతుంది. కొన్ని గదుల్లో అది చక్కగా కుదురుతుంది. కొన్నిట్లో ఒక్క స్వరమే గుంయ్‌మంటూ, సన్నివేశం అయిపోయాక కూడా మోగుతూ ఉంటుంది. చిన్న సబ్‌ఊఫర్, పెద్ద గది అయితే మూల నుంచే మొదలుపెట్టండి. పెద్ద సబ్‌ఊఫర్, చిన్న గది అయితే మూలని చివరికి ఉంచుకోండి.

ముందు గోడ మధ్యలో పెడితే? ఇది చాలామంది పట్టించుకోని చోటు. వెడల్పు వైపు మొదటి మోడ్, మన గదిలో 47 హెర్ట్జ్, సరిగ్గా మధ్యలో సున్నా. సున్నా ఉన్నచోట సబ్‌ఊఫర్ పెడితే ఆ మోడ్‌ని అది లేపలేదు. దానివల్ల లాభం ఎవరికి? సోఫా చివర్లలో కూర్చున్నవాళ్ళకి. మూలలో పెట్టినప్పుడు సోఫా మధ్యలో ఉన్నవాళ్ళకి 47 వినబడదు, అటూ ఇటూ ఉన్నవాళ్ళకి అదే 47 మోగిపోతుంది. ఒకే సోఫా మీద ముగ్గురూ మూడు రకాల బేస్ వింటారు. గోడ మధ్యలో పెడితే ముగ్గురికీ దాదాపు ఒకటే. అయితే టీవీ బల్ల అక్కడే ఉంటుంది, తెలుసు. బల్లని కాస్త పక్కకి జరిపో, పక్కనే రెండడుగుల ఎడంలోనో పెట్టుకోవచ్చు. బల్ల లోపల, తలుపులు మూసిన అరలో మాత్రం వద్దు. అర చెక్కలు మోగుతాయి, ఆంప్లిఫయర్ వేడి బయటికి పోదు.

గోడకి ఎంత దూరం? దీనికీ ఒక లెక్క ఉంది. సబ్‌ఊఫర్ కోన్ (శబ్దం చేయడానికి ముందుకీ వెనక్కీ కదిలే భాగం) నుంచి గోడదాకా ఉన్న దూరంతో, అడుగుల్లో, 281ని భాగించండి. వచ్చిన హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది, అంటే ఆ స్వరం సన్నబడిపోతుంది. నాలుగడుగుల దూరంలో పెడితే 70 హెర్ట్జ్ దగ్గర గుంట. అది సరిగ్గా మనకి కావలసిన చోటు, డప్పు దెబ్బ ఉండే చోటు. రెండడుగుల లోపల పెడితే గుంట 140 పైకి పోతుంది. సబ్‌ఊఫర్ అసలు వాయించని చోటికి పోతుంది కాబట్టి బాధ లేదు. అందుకే గోడకి దగ్గరగా ఉంచండి. గోడ నుంచి దూరంగా పెడితే బేస్ శుభ్రంగా ఉంటుందన్న మాట మామూలు స్పీకర్ల నుంచి వచ్చింది. సబ్‌ఊఫర్‌కి అది వర్తించదు. ఒక్క జాగ్రత్త. వెనకవైపు పోర్ట్, అంటే గాలి పోయే గొట్టం ఉంటే, దానికి ఊపిరాడాలి. కనీసం ఆ గొట్టం వ్యాసమంత, కుదిరితే ఆరంగుళాలు ఖాళీ వదలండి. లేకపోతే బుస్సుబుస్సుమని గాలి చప్పుడు వస్తుంది.

మోకాళ్ళ మీద పాకి చోటు వెతకడం

లెక్కలు గది ఖాళీ డబ్బా అనుకుని వేసినవి. మీ గదికి తలుపులుంటాయి, వంటింట్లోకి తెరిచిన దారి ఉంటుంది, పలచటి చెక్క గోడ ఉంటుంది. వాటన్నిటినీ కలిపి లెక్క కట్టే మార్గం ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పాత పద్ధతి, పేరు సబ్ క్రాల్. దీని వెనక ఉన్న సూత్రం అందమైనది. శబ్దం ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా వెళ్తుందో, అక్కణ్ణుంచి ఇక్కడికీ అలాగే వస్తుంది. కాబట్టి సబ్‌ఊఫర్‌ని మీ సీట్లో కూర్చోబెట్టండి. మీరు సబ్‌ఊఫర్ ఉండాల్సిన చోట్లకి వెళ్ళి వినండి.

పని ఇలా చేయాలి. సీటు మీద గట్టి చెక్క పలక వేసి, దాని మీద సబ్‌ఊఫర్ ఎక్కించండి. 12 అంగుళాల పెట్టె ఒక్కోటి ఇరవై ముప్పై కిలోలుంటుంది, ఇద్దరు పట్టుకోండి, నడుము జాగ్రత్త. సోఫా మెత్తగా ఉండి పెట్టె పడిపోతుందనుకుంటే సోఫా జరిపేసి, అదే చోట గట్టి స్టూల్ వేసి పెట్టండి. మిగతా స్పీకర్లన్నీ ఆపేయండి. తలుపులు, కిటికీలు మీరు సినిమా చూసేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ తలుపు తెరిస్తే గది మారిపోయినట్టే.

ఏం వాయించాలి? సినిమా పేలుళ్ళు వద్దు, వాటితో పోల్చడం కుదరదు. 25, 31, 40, 50, 63, 80 హెర్ట్జ్, ఈ ఆరు స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి, ఒకే మట్టంలో వచ్చేలా పెట్టుకోండి. లేదా బేస్ గిటార్ మెట్లు మెట్లుగా ఎక్కి దిగే ఏదైనా వాద్య సంగీతం. వాల్యూమ్ మామూలుగా మాట్లాడుకునే స్థాయి కన్నా కాస్త ఎక్కువ, అంతే. మరీ కింది స్వరాలని గట్టిగా, ఆపకుండా వాయిస్తే కోన్ దెబ్బతింటుంది. పోర్ట్ ఉన్నవాటికి మరీ ప్రమాదం. పోర్ట్‌ని ఏ స్వరానికి కుదిర్చారో (పోర్ట్ ట్యూనింగ్) దాని కన్నా కిందికి పోతే కోన్‌ని పట్టి ఆపే గాలి ఒత్తిడి ఉండదు.

ఇప్పుడు మోకాళ్ళ మీద పాకండి. నిలబడితే పనికిరాదు, చెవి సబ్‌ఊఫర్ కోన్ ఉండే ఎత్తులో ఉండాలి. ముందు గోడ పొడుగునా, తర్వాత పక్క గోడలు, అడుగు అడుగుకీ ఆగి. దేని కోసం వెతుకుతున్నారు? ఇక్కడే చాలామంది పొరపడతారు. గట్టిగా వినిపించే చోటు కోసం వెతుకుతారు. గట్టిదనం నాబ్‌తో వస్తుంది. మీరు వెతకాల్సింది ఆరు స్వరాలూ దాదాపు సమానంగా వినిపించే చోటు. ఏదీ పూర్తిగా పోకూడదు, ఏదీ మిగతావాటి మీద ఎక్కి కూర్చోకూడదు. అలాంటి చోట్లు రెండో మూడో దొరుకుతాయి. నేల మీద టేప్ ముక్క అంటించండి. వైరు, దారి, ఇంట్లోవాళ్ళ మాట, అన్నీ చూసుకుని వాటిల్లో ఒకటి ఎంచుకోండి. తర్వాత సబ్‌ఊఫర్ అక్కడికి మార్చి, సీట్లో కూర్చుని మళ్ళీ వినండి.

కొలవగలిగితే ఇంకా మంచిది. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి ఒక యూఎస్‌బీ కొలత మైక్, కాలిబ్రేషన్ ఫైల్ (ఆ మైక్ తేడాల్ని సరిదిద్దే పట్టిక) ఉన్నది, చాలు. ఫోన్‌లో యాప్ వేసుకుని కొలిస్తే సరిపోదా అని అడుగుతారు. ఫోన్ మైక్ మాట్లాడటానికి చేసింది, లోతు బేస్‌ని వదిలేస్తుంది. పైగా ఆ యాప్‌లు చాలామటుకు 'ఏ' (A) వెయిటింగ్‌లో ఉంటాయి, అంటే చెవి తక్కువగా వినే స్వరాలని తగ్గించి చూపే కొలత. 'ఏ' వెయిటింగ్ 31 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. 'సీ' (C) వెయిటింగ్ అయితే 3 మాత్రమే. 'ఏ' వెయిటింగ్‌లో చూసి సబ్‌ఊఫర్ పెంచారంటే ఇల్లు అదిరిపోతుంది. మీటర్ ఏదైనా సరే, 'సీ' వెయిటింగ్, స్లో (ముల్లు నెమ్మదిగా కదిలే సెట్టింగ్), ఈ రెండూ పెట్టాకే చదవండి.

ఇప్పుడు నాబ్‌లు

చోటు కుదిరింది. ఇప్పుడు, ఇప్పుడే, నాబ్‌ల దగ్గరికి వెళ్దాం.

వైరు మామూలే. రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) వెనక సబ్‌ఊఫర్ అవుట్ నుంచి, సబ్‌ఊఫర్ వెనక ఎల్ఎఫ్ఈ (LFE, సినిమాలో బేస్ కోసం ఉండే ప్రత్యేక ఛానెల్) అని రాసి ఉన్న రంధ్రంలోకి, షీల్డ్ ఉన్న ఒక్క ఆర్‌సీఏ కేబుల్. ఎల్ఎఫ్ఈ అని లేకపోతే ఎడమ వైపు దానికి ఇవ్వండి. వై ఆకారంలో చీల్చే కేబుల్ తప్పనిసరి కాదు.

సబ్‌ఊఫర్ మీద క్రాసోవర్ నాబ్ ఉంటుంది, ఏ స్వరం కన్నా కిందిది సబ్‌ఊఫర్ వాయించాలో తేల్చేది. రిసీవర్‌లో కూడా క్రాసోవర్ ఉంటుంది. రెండూ 80 దగ్గర పెడితే ఏమవుతుంది? ఒకదాని మీద ఒకటి రెండు ఫిల్టర్లు పడతాయి. 80 చుట్టుపక్కల గొయ్యి పడుతుంది, పైగా ఫేజ్, అంటే తరంగం ఎత్తుపల్లాలు వచ్చే సమయం, ఇంకాస్త వెనక్కి పోతుంది. ఆ పని ఒక్కరే చేయాలి, అది రిసీవర్ చేయాలి. కాబట్టి సబ్‌ఊఫర్ మీది నాబ్ చివరిదాకా తిప్పేయండి. బైపాస్ స్విచ్ ఉంటే అది వేయండి. ఈ ఒక్క మార్పుతో ఎన్ని ఇళ్ళల్లో బేస్ బాగుపడుతుందో!

రిసీవర్‌లో స్పీకర్లన్నిటినీ స్మాల్ అని పెట్టండి. పెద్ద పెద్ద నిలువు స్పీకర్లు కొన్నవాళ్ళకి ఈ మాట బాధ కలిగిస్తుంది. స్మాల్ అంటే మీ స్పీకర్ చిన్నదని కాదు, కింది బేస్ సబ్‌ఊఫర్‌కి పంపమని రిసీవర్‌కి చెప్పడం. క్రాసోవర్ 80 హెర్ట్జ్ మంచి మొదలు. థియేటర్ ప్రమాణాలు రాసిన టీహెచ్ఎక్స్ వాళ్ళు ఎంచుకున్న అంకె కూడా ఇదే. 80 కిందకి వచ్చే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోవడం కష్టం. నాలుగంగుళాల ఊఫర్ ఉన్న చిన్న శాటిలైట్ స్పీకర్లయితే 100 లేదా 120 పెట్టక తప్పదు. అప్పుడు సబ్‌ఊఫర్‌ని ముందు స్పీకర్లకి దగ్గరగా ఉంచండి, లేకపోతే మగ గొంతుల అడుగు భాగం సోఫా పక్కనుంచి వస్తున్నట్టుంటుంది. ఎల్ఎఫ్ఈ ఎల్పీఎఫ్ అని వేరే సెట్టింగ్ ఒకటి కనిపిస్తుంది. దాన్ని 120 దగ్గరే వదిలేయండి. ఆ ఛానెల్‌లో సినిమా వాళ్ళు 120 దాకా నింపుతారు. ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్, డబుల్ బేస్, ఇలాంటివి ఆపేయండి. ఒకే బేస్ రెండుచోట్ల నుంచి వస్తే ఏది ఎక్కడ కొట్టుకుపోతోందో పట్టుకోలేరు.

మట్టం. సబ్‌ఊఫర్ గెయిన్ (దాని మీద ఉండే వాల్యూమ్ నాబ్) సగం దగ్గర మొదలుపెట్టండి. రిసీవర్ లోపలి టెస్ట్ టోన్ వేసి, సీట్లో చెవి ఎత్తులో మీటర్ పెట్టి, ప్రతి స్పీకర్ 75 డెసిబెల్స్ చూపించేలా సరిచేయండి, సబ్‌ఊఫర్ కూడా 75. బేస్ దగ్గర ముల్లు అటూ ఇటూ ఊగుతుంది, మధ్య విలువ తీసుకోండి. ఆటో కాలిబ్రేషన్, అంటే రిసీవర్ మైక్‌తో తానే కొలిచి సరిచేసుకోవడం, వాడితే, అది అయ్యాక సబ్‌ఊఫర్ ట్రిమ్ (రిసీవర్ ఆ మట్టాన్ని ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ఎంత వచ్చిందో చూడండి. మైనస్ 5 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 12 వచ్చిందంటే రిసీవర్ ఇంకా తగ్గించలేక అక్కడ ఆగిపోయిందని. సబ్‌ఊఫర్ గెయిన్ తగ్గించి మళ్ళీ నడపండి.

ఆటో కాలిబ్రేషన్ అనగానే గుర్తొచ్చింది. మైక్ చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపు మీద పెట్టొద్దు. ట్రైపాడ్ మీద, చెవి ఎత్తులో, మొదటి కొలత ముఖ్యమైన సీట్లో. ఫ్యాన్, ఏసీ ఆపండి. అయిపోయాక క్రాసోవర్లు ఒకసారి చూసుకోండి, అది మీ నిలువు స్పీకర్లని లార్జ్ అని పెట్టేసి ఉండొచ్చు. స్మాల్‌కి మార్చి 80 పెట్టుకోండి. అది సూచించినదాని కన్నా పైకి మార్చడం పర్వాలేదు. కిందికి మార్చొద్దు. ఇంకో ముఖ్య విషయం, దూరం. సబ్‌ఊఫర్ పది అడుగుల్లో ఉంటే అది పదిహేను అని చూపిస్తుంది. తప్పు అని సరిదిద్దేస్తారు. అది తప్పు కాదండీ. సబ్‌ఊఫర్ లోపలి ఫిల్టర్లు శబ్దాన్ని ఆలస్యం చేస్తాయి. అడుగుకి 0.9 మిల్లీసెకన్ చొప్పున ఆ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కేసింది. టేపుతో కొలిచి మార్చకండి.

ఇక ఫేజ్. అందరూ భయపడేది దీనికే. సబ్‌ఊఫర్, ముందు స్పీకర్, రెండూ 80 హెర్ట్జ్ దగ్గర కలిసి పనిచేస్తాయి కదా. ఒకటి గాలిని ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంటే 80 దగ్గర బేస్ మాయం. 80 హెర్ట్జ్‌లో సగం తరంగం ఏడడుగులు, అంత చిన్న తేడా చాలు మొత్తం పాడవడానికి. సరిచేసే ఉపాయం తిరగేసి చెయ్యాలి. ఎడమ స్పీకర్ ఛానెల్‌కి 80 హెర్ట్జ్ టోన్ ఇవ్వండి. అది స్పీకర్లోంచీ, సబ్‌ఊఫర్లోంచీ రెండింట్లోంచీ వస్తుంది. ఫేజ్ స్విచ్ కావాలనే 180కి తిప్పండి. ఇప్పుడు రిసీవర్‌లో సబ్‌ఊఫర్ దూరాన్ని అడుగు అడుగు చొప్పున మారుస్తూ, సీట్లో శబ్దం అన్నిటికన్నా సన్నబడే చోటు పట్టుకోండి. దొరికిందా? స్విచ్ మళ్ళీ సున్నాకి తిప్పండి. ఎక్కడ అన్నిటికన్నా బాగా కొట్టుకుపోయాయో అక్కడే ఇప్పుడు అన్నిటికన్నా బాగా కలుస్తాయి. నేరుగా ఎక్కువైన చోటు ఎందుకు వెతకకూడదు? ఎక్కువ దగ్గర ఒకటి రెండు అడుగులకి తేడా తెలియదు. తక్కువ దగ్గర స్పష్టంగా తెలుస్తుంది.

ఈక్వలైజర్ (ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) గురించి ఒక్క మాట, కానీ గట్టిగా చెప్తాను. గుట్టలని కోయండి, గుంటలని పూడ్చొద్దు. గుంట అంటే అక్కడ రెండు తరంగాలు కొట్టుకుపోతున్నాయి. మీరెంత పోస్తే ఎదురొచ్చేది కూడా అంత పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెంచడమంటే పది రెట్లు పవర్. 50 వాట్లు కాస్తా 500. ఆంప్లిఫయర్ శక్తికి మించిపోయి క్లిప్ అవుతుంది, కోన్ కొట్టుకుంటుంది, గుంట మాత్రం గుంటలాగే ఉంటుంది. దానికి మందు పెట్టె జరపడమో, సీటు జరపడమో, ఇంకో సబ్‌ఊఫర్ తేవడమో.

రెండో సబ్‌ఊఫర్ గురించి. గట్టిగా వినిపించడానికని కొంటారు. అసలు లాభం వేరే. ఒకదానికి గుంట ఉన్నచోట రెండోది నింపుతుంది, సోఫా పొడుగునా ఒకే రకం బేస్ వస్తుంది. హర్మన్ అనే ఆడియో సంస్థలో టాడ్ వెల్టీ అనే పరిశోధకుడు 2002లో దీర్ఘచతురస్రపు గదుల మీద ఈ లెక్కలన్నీ వేసి చూపించాడు. నాలుగు గోడల మధ్యలో నాలుగు పెడితే సీట్ల మధ్య తేడా బాగా తగ్గుతుంది, అంతకన్నా ఎక్కువ పెట్టినా పెద్ద లాభం లేదు. ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెట్టినా దాదాపు అంత మంచి ఫలితం వస్తుంది. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి. రెండూ ఒకే మోడల్ అయితే పని తేలిక. ఒకటి పోర్ట్ ఉన్నది, ఒకటి మూసినది కలిపితే కింది స్వరాల్లో వాటి ఫేజ్‌లు వేరు, సాయం చేసుకోకపోగా ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి కొనగలిగితే, నేనైతే రెండే కొనమంటాను.

సరే, ప్రశ్నలు.

ఇక్కడెవరో గోడలకి ఫోమ్ అంటిస్తే మోత తగ్గుతుందా అన్నారు. రెండంగుళాల ఫోమ్ చప్పట్లు కొడితే వచ్చే గలగలని తగ్గిస్తుంది, గొంతుల స్పష్టత పెంచుతుంది. 40 హెర్ట్జ్‌కి అది అక్కడ లేనట్టే. ఆ తరంగంలో పావు వంతే ఏడడుగులు, రెండంగుళాలు దాన్ని ఏం ఆపుతుంది? కర్టెన్లు కూడా అంతే.

కిర్రుకిర్రుమని ఎక్కడో అదురుతోందంటున్నారు. సబ్‌ఊఫర్ మీద అనుమానపడే ముందు 20 నుంచి 120 దాకా మెల్లగా పెరిగే టోన్ వేసి గదంతా తిరగండి. అద్దాల తలుపులు, ఫోటో ఫ్రేములు, తలుపు గొళ్ళెం, స్విచ్ బోర్డు మూత, ఇవీ సాధారణంగా దొంగలు. దేని మీద చెయ్యి వేస్తే ఆగుతుందో దాని వెనక చిన్న ఫెల్ట్ ముక్క పెట్టండి.

తక్కువ వాల్యూమ్‌లో సబ్‌ఊఫర్ ఆగిపోతోందా? ఆటో స్టాండ్‌బై. సిగ్నల్ మరీ సన్నగా వస్తుంటే నిద్రపోతుంది. స్విచ్ ఆన్ మీద పెట్టేయండి. లేదా సబ్‌ఊఫర్ గెయిన్ కొద్దిగా తగ్గించి, రిసీవర్ ట్రిమ్ అంతే పెంచండి, వైరులో వచ్చే సిగ్నల్ బలపడుతుంది. రాత్రిపూట తక్కువలో చూస్తే బేస్ పోయినట్టు అనిపించడం వేరే సంగతి. మన చెవి సన్నటి శబ్దంలో బేస్‌ని తక్కువగా వింటుంది. ఫ్లెచర్, మన్సన్ ఇద్దరూ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అప్పుడు సబ్‌ఊఫర్ రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోండి, తప్పేం లేదు.

కింది ఇంటివాళ్ళ గురించి అడిగినవారికి, నేరుగా చెప్తాను. సబ్‌ఊఫర్ కింద వేసే రబ్బరు ప్యాడ్లు పెట్టె నుంచి నేలకి పోయే అదురుని తగ్గిస్తాయి. గాలిలోంచి పోయే బేస్‌ని ఆపవు. గోడలూ శ్లాబూ ఆ తరంగాలకి పెద్ద అడ్డేం కాదు. ప్యాడ్లు వేయండి, మంచిదే, కానీ రాత్రి పది దాటాక తగ్గించాల్సింది తగ్గించక తప్పదు.

చివరి ప్రశ్న, హమ్. సినిమా లేకపోయినా మ్‌మ్‌మ్ అని ఆగకుండా వస్తోందంటున్నారు. ముందు సబ్‌ఊఫర్ వెనక ఆర్‌సీఏ కేబుల్ పీకండి. హమ్ ఆగలేదా? సబ్‌ఊఫర్ ఆంప్లిఫయర్‌దే లోపం, రిపేర్‌కి ఇవ్వాలి. ఆగిందా? అయితే గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌లు వైర్ల ద్వారా కలిసి చుట్టు పడటం. కేబుల్ మళ్ళీ పెట్టి, రిసీవర్‌కి వచ్చే టీవీ కేబుల్‌ని, అంటే డిష్ నుంచో వీధి కేబుల్ నుంచో వచ్చే దాన్ని, పీకి చూడండి. చాలాసార్లు అదే. దానికి ఆ చుట్టుని తెంపే ఐసోలేటర్ పెట్టాలి. అది కాకపోతే సబ్‌ఊఫర్, రిసీవర్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించండి. అప్పటికీ ఆగకపోతే ఆర్‌సీఏ లైన్‌లో పెట్టే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. లోతు బేస్ కోయనిది చూసి తీసుకోండి, చవకవి 30 హెర్ట్జ్ కిందిది తినేస్తాయి. కానీ ఒక్కటి మాత్రం చేయొద్దు. ప్లగ్‌లో మూడో పిన్ను తీసేస్తే హమ్ ఆగుతుందని ఎవరైనా చెప్తే వినొద్దు. ఆగుతుంది, నిజమే. కానీ ఆ పిన్ను పెట్టె లోపల కరెంట్ తప్పుదారి పడితే మిమ్మల్ని కాపాడేది. దాన్ని ముట్టుకోవద్దు.